బంగారంలో నలుసు

చిన్న అట్టపెట్టె. లోపల దూది, దూది మీద ఏడు బంగారు పూసలు. ఒక్కొక్కటి మెంతిగింజ కంటే కొంచెం పెద్దది. మూత లోపలివైపు వెలిసిపోయిన సిరాతో రెండే ముక్కలున్నాయి: "బంగారం. ఎగువ ఈజిప్టు." అంటే ఈజిప్టు దక్షిణ భాగం. ఎవరు తవ్వారో, ఏ సమాధిలో దొరికాయో ఎక్కడా రాసిలేదు. నూరేళ్ల కిందట ఎవరో అక్కడి వ్యాపారి దగ్గర కొని ఉంటారని, తర్వాత విద్యార్థుల కోసం విశ్వవిద్యాలయానికి ఇచ్చి ఉంటారని మా ప్రొఫెసర్ గారు చెప్పారు. పూసల తీరును బట్టి క్రీ.పూ. రెండో సహస్రాబ్దివి కావచ్చు అన్నారు. "ఈ బంగారం గురించి నువ్వు ఏం చెప్పగలవో చూడు. తొమ్మిది నెలలు టైముంది" అని పెట్టె నా చేతికిచ్చారు.

లండన్‌లో ఎమ్మెస్సీ చదువుతున్న రోజులవి. పాతకాలపు లోహాలు, గాజు, మట్టిపాత్రలను ప్రయోగశాలలో పరీక్షించే కోర్సు. నేను పుట్టి పెరిగింది ప్రొద్దుటూరులో, బంగారు పని చేసే ఇంట్లో. ఆడపిల్లనని నన్ను దాగలి ముందు కూర్చోబెట్టలేదు. కానీ కుంపటి వాసన, వెలిగారం పొంగు, మూసలో బంగారం కరిగి ఒక్కసారిగా అద్దంలా మెరిసే క్షణం చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు. అందుకే ఆ పెట్టె అందుకున్నప్పుడు గర్వంగా అనిపించింది. తొమ్మిది నెలల్లో ఇది ఫలానా గని బంగారం అని తేల్చేస్తానని అప్పుడే మనసులో అనుకున్నాను.

మొదటి ఇబ్బంది అనుమతుల దగ్గరే వచ్చింది. గీకకూడదు, కోయకూడదు, ఆమ్లం తాకించకూడదు. నాన్న అయితే నగను గీటురాయి మీద ఒక్క గీత గీసి, పక్కన తెలిసిన వన్నె గీత గీసి, రెంటినీ పోల్చి చెప్పేవాడు. ఆ గీతలో పోయే బంగారం ఎంతని! కానీ మూడున్నర వేల ఏళ్ల పూస మీద ఆ గీత కూడా కుదరదు. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని పూస కాబట్టి అది మోసుకొచ్చిన ప్రతి కణమూ సాక్ష్యమే. ఆ నిబంధన మీద మొదట విసుగొచ్చింది. తర్వాత దాన్నే గట్టిగా సమర్థించాను.

రెండు వారాలు మైక్రోస్కోపు కిందే గడిచాయి. పూస చేసిన విధానం నాకు చటుక్కున అర్థమైంది. సన్నటి రేకు ముక్కను కడ్డీకి చుట్టి, రెండు కొసలూ కలిపి మాటు వేశారు. అతుకు దగ్గర రంగు కాస్త తేడాగా ఉంది. లోపలి అంచులు వాడకంలో అరిగాయి, అంటే వీటిని దారానికి గుచ్చి ఎవరో చాలాకాలం వేసుకున్నారు. ఆ అరుగుదలను చూస్తూ నేను ఒక పూట పని మానేశాను. మా అవ్వ మెడలోని గుండ్లు కూడా సరిగ్గా అక్కడే అరిగేవి.

మూడో పూస పక్క భాగంలో తెల్లగా ఒక నలుసు కనిపించింది. వెంట్రుక మందంలో సగం ఉంటుందేమో. వెండి మరక అని నోటుబుక్కులో రాసుకుని ముందుకు వెళ్లాను. ఐదో పూసలో మూడు కనిపించాయి. దీపాన్ని పక్కకు వంచి చూస్తే వాటికి నీడ పడింది. అంటే అవి బంగారం మట్టం కంటే పైకి పొడుచుకుని ఉన్నాయి. మరకకు నీడ ఉండదు కదా. వాటి అంచులు కోణాలుగా ఉన్నాయి, పూస అంతటా ఉన్న సన్నటి గీతలు వాటి దగ్గరకొచ్చి ఆగిపోతున్నాయి. బంగారం అరిగినా అవి అరగలేదు.

ఆదివారం వీడియో కాల్‌లో నాన్నకు ఫోటో చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"అది వెండి కాదు పాపా. వెండి అయితే కరిగి కలిసిపోయేది. ఇది కరగని సరుకు. పాలిష్ పెట్టినప్పుడు తెల్లగా పైకి లేస్తాదే, అది. రంపం బ్లేడు తగిలితే పటుక్కున తెగిపోతాది."

ఆ సరుకును నాన్న బాగా ఎరుగుదురు. మన దేశంలో ఈమధ్య కొందరు బరువు పెంచడానికి బంగారంలో ఇరిడియం, రుథేనియం అనే లోహాల పొడి కలుపుతున్నారు. అది కరగదు, బంగారంతో కలవదు, గింజలు గింజలుగా లోపల ఉండిపోతుంది. కంసాలికి అది శత్రువు. అదే పదార్థం ఈజిప్టు పూసలో ఎవరూ కలపకుండానే ఉంది. మూడున్నర వేల ఏళ్ల కిందట ఇరిడియం పేరే ఎవరికీ తెలియదు. ఇరిడియాన్ని, దానితో కలిసి దొరికే ఆస్మియం అనే లోహాన్ని గుర్తించింది 1803లో, లండన్‌లోనే, స్మిత్‌సన్ టెన్నంట్ అనే రసాయన శాస్త్రవేత్త. మరి ఇవి పూసలోకి ఎలా వచ్చాయి?

దీనికి జవాబు నీళ్లలో ఉంది. చిన్నప్పుడు మా వీధిలో కంసాలి అంగళ్ల ముందు దుమ్ము ఊడ్చి మూటకట్టుకు వెళ్లేవాళ్లు ఉండేవారు. ఆ దుమ్మును గిన్నెలో నీళ్లు పోసి తిప్పితే తేలికైన మట్టి కొట్టుకుపోయి, అడుగున బంగారు రజను మిగిలేది. ఏరు కూడా వేల ఏళ్లుగా అదే పని చేస్తుంది. కొండల్లోంచి విరిగిన రాళ్లను అరగదీసి, తేలిక సరుకును ముందుకు తోసేసి, బరువైన వాటిని వంపుల్లో దించుతుంది. నీటి సాంద్రత 1 అనుకుంటే బంగారానిది 19.3. ఆస్మియం, ఇరిడియం రెండిటిదీ 22.5కు పైనే. ఇంకేదో రాతిలో పుట్టిన ఆస్మియం-ఇరిడియం గింజలు కూడా ఏటి అడుగున బంగారంతో కలిసి కూర్చుంటాయి. ఇసుక కడిగి బంగారం ఏరేవాడు ఎంత కడిగినా అవి పోవు, అవి బంగారం కంటే బరువు కాబట్టి. తర్వాత మూసలో పోసి కరిగిస్తే బంగారం 1064 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఇరిడియానికి 2400 డిగ్రీలు దాటాలి, ఆస్మియానికి 3000. ఊదుగొట్టంతో ఊదే బొగ్గుల కుంపటి అంత వేడి ఇవ్వలేదు. కాబట్టి అవి చెక్కుచెదరకుండా బంగారంలోనే ఉండిపోయాయి.

ఆ గట్టిదనం నా ఇంట్లోనే ఉందని తర్వాత గుర్తొచ్చింది. నాన్న లెక్కలు రాసే పాత ఇంకు పెన్ను పాళీ మీద 'ఇరిడియం పాయింట్' అని చెక్కి ఉండేది. కాగితం మీద లక్షల అక్షరాలు రాసినా కొస అరగకూడదని పాళీల చివర ఈ జాతి లోహాన్నే పెట్టేవారు.

పలుగురాతి చారల్లోంచి కొట్టి తీసిన గని బంగారంలో మామూలుగా ఈ నలుసులు ఉండవు. ఉన్నాయంటే ఆ లోహం, కనీసం అందులో కొంత భాగం, ఏటి ఇసుకలోంచి, వాగు ఒండ్రులోంచి వచ్చింది. ఇది చాలా పెద్ద సంగతి. ఈజిప్టు బంగారం అనగానే ఎడారి గనులు, రాళ్లు పగలగొట్టే బానిసల వర్ణనలు గుర్తుకొస్తాయి. కానీ నా అట్టపెట్టెలో ఉన్నది ఎండిపోయిన వాగుల ఇసుకను ఎవరో కడిగి, జల్లించి పోగేసిన బంగారం. అది తెలిసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత ఎక్స్‌రే యంత్రంతో లోహం పాళ్లు చూశాను. అది మన హాల్‌మార్కింగ్ సెంటర్లలో వాడే యంత్రం లాంటిదే. ఒక మిల్లీమీటరు మేర చోటుకు సగటు చెబుతుంది. నలుసులు అంతకంటే ఎంతో చిన్నవి కాబట్టి వాటిని పట్టుకోలేదు. పూసల్లో వెండి ఐదో వంతుకు దగ్గరగా వచ్చింది, రాగి కొద్దిగా. ఇవాళ్టి లెక్కన 916కి బాగా తక్కువే. కానీ దాన్ని కల్తీ అనుకోవడం తప్పు. ఆ ప్రాంతపు బంగారంలో వెండి సహజంగానే ఉంటుంది. ఉప్పు, ఇటుక పొడి వేసి పుటం పెట్టి వెండిని విడదీసే పద్ధతికి గట్టి ఆధారాలు క్రీ.పూ. 6వ శతాబ్దంలో, ఇప్పటి టర్కీలోని సార్డిస్‌లో దొరికాయి. అంతకు వెయ్యేళ్ల ముందు ఈజిప్టు కంసాలి చేతికి ఏ వన్నె బంగారం వస్తే ఆ వన్నెతోనే పని చేశాడు. అప్పుడు కూడా గొడవలు లేవని కాదు. 1887లో ఈజిప్టులోని అమర్నాలో బయటపడ్డ మట్టిపలకల ఉత్తరాల్లో ఒకదానిలో బాబిలోన్ రాజు బుర్నబురియాష్ ఈజిప్టు రాజుకు ఫిర్యాదు చేస్తాడు. మీరు పంపిన 20 మినాల (మినా అప్పటి తూకం) బంగారం కొలిమిలో పెడితే 5 మినాలు కూడా తేలలేదు అంటాడు. ఆ వాక్యం చదివినప్పుడు మా అంగడి గడప దగ్గర తరుగు గురించి గట్టిగా అడిగే మనుషుల గొంతులు వినిపించాయి.

ఇంకొక మెలిక కూడా ఉంది. మట్టిలో వేల ఏళ్లు పడున్న బంగారం పైపొరలో వెండి, రాగి కొంతకొంత కరిగిపోతాయి. అందువల్ల పైన కొలిస్తే వన్నె ఎక్కువ కనిపిస్తుంది. కోయడానికి వీల్లేదు కాబట్టి నా అంకెలన్నీ పైపొర అంకెలే. నివేదికలో ప్రతి పట్టిక కిందా ఆ మాట రాశాను.

నలుసుల సంగతి తేల్చడానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి. దానికి నెలల ముందు బుక్ చేసుకోవాలి. నా వంతు వచ్చిన రోజు పూసను గాలిలేని గదిలో పెట్టి తెర మీద చూశాను. బంగారం తెల్లగా మెరుస్తోంది, నలుసులు మాత్రం కొంచెం మసక బూడిద రంగులో ఉన్నాయి. ఎలక్ట్రాన్ పుంజాన్ని ఒక నలుసు మీద నిలిపితే, అక్కడి నుంచి వెలువడే ఎక్స్‌రేలను బట్టి సాఫ్ట్‌వేర్ 'ప్లాటినం' అని చూపించింది.

నా గుండె ఝల్లుమంది. ప్లాటినం ఈజిప్టులో చాలా అరుదు. ఎగువ ఈజిప్టులోని పాత నగరం థీబ్స్‌లో దొరికిన ఒక పెట్టె మీద ప్లాటినం రేకు ఉందని 1901లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బెర్తెలో గుర్తించారు. అది క్రీ.పూ. 7వ శతాబ్దపు వస్తువు, ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో ఉంది. నా పూస దానికంటే చాలా పాతది! మూడు రోజులు ఆ సంతోషంలోనే తిరిగాను. స్నేహితులకు చెప్పాను, నివేదికకు పేరు కూడా పెట్టేశాను.

నాలుగో రోజు ల్యాబ్‌లో సీనియర్ ఒకావిడ నా గ్రాఫు చూసి, "ఏ శక్తి దగ్గర చూశావు?" అని అడిగారు. ఆస్మియం, ఇరిడియం, ప్లాటినం, బంగారం ఆవర్తన పట్టికలో వరుసగా పక్కపక్కనే ఉంటాయి: 76, 77, 78, 79. తక్కువ శక్తిలో గ్రాఫు మీద వాటి ఎక్స్‌రే శిఖరాలన్నీ 1.9 నుంచి 2.1 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య ఇరుక్కుని ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇరిడియం పక్కన చుట్టూ ఉన్న బంగారం ఎక్స్‌రేలు కలిస్తే, రెంటి మధ్యలో ఉన్న ప్లాటినం అని యంత్రం పేరు పెట్టేసింది. యంత్రం చెప్పిన పేరును గ్రాఫు చూడకుండా నమ్మాను. తప్పు నాదే. మళ్లీ టైము బుక్ చేసి, పుంజాన్ని 25 కిలోవోల్టులకు పెంచి, గ్రాఫులో 9 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరి శిఖరాలు చూశాను. అక్కడ అవి విడివిడిగా నిలబడతాయి. ఆస్మియం, ఇరిడియం స్పష్టంగా ఉన్నాయి. 2.5 దాటిన చోట రుథేనియం. ప్లాటినం దాదాపు లేదు.

ఇక మిగిలింది అసలు ప్రశ్న: ఎక్కడి ఏరు? ఎక్కడి వాగు?

ఈజిప్టు వాళ్లే తమ బంగారానికి ఊరి పేర్లు పెట్టారు. కోప్టోస్ బంగారం, వావత్ బంగారం, కుష్ బంగారం. మొదటిది నైలు నదికీ ఎర్ర సముద్రానికీ మధ్యనున్న తూర్పు ఎడారిది, మిగతా రెండూ దక్షిణాన నూబియావి. టూరిన్‌లోని ఈజిప్టు మ్యూజియంలో పపైరస్ (ఒక రకం రెల్లుతో చేసిన పాతకాలపు కాగితం) మీద గీసిన పటం ఒకటి ఉంది. దాదాపు క్రీ.పూ. 1150 నాటిది, నాలుగో రామెసెస్ కాలంలో వాది హమ్మామత్ ప్రాంతాన్ని గీసింది. బంగారం ఉన్న కొండలకు గులాబీ రంగు వేశారు. ఆ పటం ప్రింటు తీసి నా బల్ల ముందు అతికించుకున్నాను. ఏదో ఒక రోజు ఆ గులాబీ కొండల్లో ఒకదాని మీద వేలు పెడతానని ఆశ.

అది జరగలేదు. ఒకే పూసలో పక్కపక్కనున్న మూడు నలుసుల్లో ఒకదాంట్లో ఆస్మియం ఎక్కువ, ఒకదాంట్లో ఇరిడియం, ఇంకొకదాంట్లో రుథేనియం పాలు పెరిగింది. ఒక్క పూసలోనే ఇంత తేడా ఉంటే పాళ్లను బట్టి చోటు ఎలా చెప్పడం? ఇది నా ఒక్కదాని అనుభవం కాదు, 1980 ప్రాంతంలో బ్రిటిష్ మ్యూజియం శాస్త్రవేత్తలు చాలా వస్తువులు చూసి ఇదే ఇబ్బంది రాశారు. ఒక్క ఏటిలోనే రకరకాల గింజలు కలుస్తాయి. ఆస్మియం ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు, కొలిచే దారి ఒకటుంది, ఇప్పటి ఇరాక్‌లోని ఉర్ నగర సమాధుల బంగారం మీద వాడారు. కానీ అక్కడా ఇక్కడా పోల్చడానికి ఏళ్ల పని కావాలి, నాకేమో అనుమతులు లేవు.

వెండి అయితే వేరు. గీజా పెద్ద పిరమిడ్ కట్టించిన ఖుఫు రాజు తల్లి హెతెఫెరెస్ వెండి కడియాలు 1925లో గీజాలో దొరికాయి. ఆ వెండిలోని సీసం ఐసోటోపులు కొలిచి, అది గ్రీసు వైపు సైక్లడీస్ దీవుల ఖనిజానికి సరిపోతోందని 2023లో పరిశోధకులు ప్రకటించారు. సముద్రం దాటి వచ్చిన వెండి! ఆ వార్త చదివి ఎంత ఆనందపడ్డానో అంత అసూయ కూడా పడ్డాను. బంగారంలో సీసం అంతగా ఉండదు, ఆ దారి నాకు మూసుకుపోయింది.

అన్నిటికంటే పెద్ద అడ్డం పాత బంగారం మళ్లీ కరగడం. మన ఇళ్లలో అవ్వ కాసులపేరు చెరిపి మనవరాలికి నెక్లెస్ చేయిస్తాం. అక్కడా అంతే, కొన్నిసార్లు దొంగతనంతో. తొమ్మిదో రామెసెస్ కాలపు ఒక పపైరస్‌లో సమాధి దొంగల ఒప్పుకోలు ఉంది. రెండో సోబెకెమ్‌సాఫ్ అనే రాజు సమాధిలో జొరబడి, శవపేటికలు తగలబెట్టి, ఊడదీసిన బంగారాన్ని ఎనిమిది మంది తలా 20 దెబెన్‌లు పంచుకున్నారు. మొత్తం 160 దెబెన్‌లు, అంటే 14 కిలోల పైచిలుకు. ఆ బంగారం ఏ మూసలోకి వెళ్లి ఎవరి గాజులయిందో! రెండు వాగుల బంగారం ఒక మూసలో కలిస్తే ఏ వాగని చెప్పాలి? అయినా నా మొదటి ప్రతిలో 'నూబియా బంగారం కావచ్చు' అని రాశాను. ప్రొఫెసర్ ఆ వాక్యం కింద గీత గీసి, పక్కన ఒక్క ప్రశ్న గుర్తు పెట్టారు. రాత్రంతా ఆలోచించి దాన్ని నేనే కొట్టేశాను. ఆధారం లేదు, నా కోరిక తప్ప.

జనవరిలో ఎడిన్‌బరో వెళ్లాను. 1908 డిసెంబరులో ఫ్లిండర్స్ పెట్రీ అనే పురాతత్వ శాస్త్రవేత్త థీబ్స్ దగ్గర ఖుర్నాలో దోపిడీకి గురికాని ఒక సమాధిని తెరిచారు. అందులో ఒక యువతి, ఒక బిడ్డ. పదిహేడో రాజవంశపు కాలం, సోబెకెమ్‌సాఫ్ వంశమే. ఆమె పేరు తెలియదు, ఖుర్నా రాణి అంటారు. ఆమె నగలు ఎడిన్‌బరోలోని నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. మెడలో నాలుగు పేటల హారం, అంతా చిన్నచిన్న రింగు పూసలు, నా పెట్టెలో ఉన్న రకమే. మొలనూలు పూసలు పాలిపోయిన పసుపు, వెండి పాలు ఎక్కువ. ఫ్రెంచి, స్కాటిష్ శాస్త్రవేత్తలు ఈ నగలను ఏళ్ల తరబడి పరీక్షించారు, వాటిలోనూ ఇవే నలుసులున్నాయి. అద్దాల పెట్టెకు ముఖం ఆనించి చూశాను. కంటికేమీ కనిపించలేదు. బిడ్డకు కూడా నగలున్నాయి. అంత చిన్న చేతికి కొలిచి చేసిన గాజులు చూశాక లోహం పాళ్ల గురించి కాసేపు ఆలోచించలేకపోయాను.

చివరి నెలలో నాన్నకు ఐదో పూస పెద్ద ఫోటో పంపాను, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుది. నలుసు చుట్టూ నాలుగైదు పొట్టి గాట్లున్నాయి. వాటిని నేను తవ్వకంలో పడ్డ దెబ్బలు అనుకుని వదిలేశాను. మర్నాడు నాన్న వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"పాపా, ఆ గాట్లు చూసినావా? అన్నీ నలుసు వైపే పోతాండాయి. సన్న ములుకుతో దాన్ని పెకలించబోయినాడు. నాలుగుసార్లు చూసినాడు, రాలేదు. ఇంక లాగితే రేకు చినుగుతాదని వదిలేసినాడు. నేనైనా అంతే చేసేవాణ్ణి."

మళ్లీ ల్యాబ్‌కు వెళ్లి పూసను తిప్పి తిప్పి చూశాను. గాట్ల అంచులు పైనున్న అరుగుదల గీతల కింద ఉన్నాయి. అంటే వేసుకుని అరగకముందే పడ్డవి. ప్రొఫెసర్‌ను పిలిచి చూపించాను. ఆయన చాలాసేపు కళ్లు కటకం మీదే ఉంచి, "మీ నాన్నగారు చెప్పింది రాయి, ఆయన పేరుతోనే రాయి" అన్నారు. అది నివేదికలో 41వ పేజీలో ఉంది. పెట్టె మూత మీద పాత సిరా అక్షరాల కింద కొత్త చీటీ అతికించాను: "ఏడు రింగు పూసలు. రెంటిలో ఆస్మియం-ఇరిడియం-రుథేనియం నలుసులు. ఏటి ఇసుక బంగారం. గని తెలియదు. ఐదో పూసలో పనివాడి ములుకు గాట్లు."